రాగి, ఇత్తడి, ఇనుము: వంటింటి సరుకుతో పాతకాలపు రంగు తెప్పించాలంటే ఏ పద్ధతి ఎవరికి?

రాగి రేకు మీద పచ్చని, నీలపు మరకలు తెప్పించి గోడకు తగిలించుకోవాలని, కొత్త ఇత్తడి బొమ్మకు పాతకాలపు నలుపు రావాలని చాలామందికి ఉంటుంది. వీడియోలు చూస్తే మాత్రం అయోమయం. ఒకరు వెనిగర్ అంటారు, ఒకరు ఉడికిన కోడిగుడ్డు అంటారు, ఇంకొకరు రేకును నేరుగా గ్యాస్ మంట మీద పెట్టేస్తారు. అన్నీ పనిచేసేవే. కానీ అన్నీ అన్ని లోహాల మీదా పనిచేయవు, అన్నీ విజయవాడ వాతావరణానికి తట్టుకోవు, అన్నీ పిల్లలున్న ఫ్లాట్‌లో చేయదగ్గవీ కావు.

అందుకే నా సలహా ఒకటే. ఫొటోలో నచ్చిన రంగుతో మొదలుపెట్టకండి. చేతిలో ఉన్న లోహం ఏమిటి, ఆ వస్తువు ఎక్కడ ఉండబోతోంది, దాన్ని ఎవరు ముట్టుకుంటారు అన్నవి ముందు తేల్చుకోండి. రంగు సంగతి ఆ తర్వాత.

ముందు తేల్చుకోవాల్సినవి

లోహం ఏమిటో కచ్చితంగా తెలియాలి. ఇత్తడి అని కొన్న వస్తువుకు అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే, పైన పూత మాత్రమే. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం మీద కింద చెప్పే ద్రావణాలు, ఆవిర్లు ఏవీ పనిచేయవు. వాటి ఉపరితలం మీద గట్టి ఆక్సైడ్ పొర ముందే ఉంటుంది. జింక్ పూత ఉన్న బకెట్లు, రేకుల జోలికీ వెళ్లవద్దు. ముఖ్యంగా వాటిని మంట మీద పెట్టకూడదు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

షాపుల్లో అమ్మే రాగి, ఇత్తడి అలంకరణ సామాను చాలావాటికి మెరుపు పోకుండా సన్నని లాకర్ పూత వేసి ఉంటారు. అది ఉంటే ఏ ద్రావణం పోసినా లోహానికి తగలదు. వెనుకవైపు ఓ మూల ఉప్పు కలిపిన వెనిగర్ చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. అక్కడ రంగులో ఏ తేడా రాకపోతే పూత ఉందన్నమాట. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిస్తే సాధారణంగా పోతుంది.

రెండోది, వస్తువు ఉండే చోటు. ఏసీ హాల్లో గోడ మీద ఉండే పళ్లెం వేరు, ఆగస్టు వాన జల్లు కొట్టే బాల్కనీలో కుండీ వేరు. వెనిగర్‌తో వచ్చే పచ్చరంగులో చాలా భాగం కాపర్ అసిటేట్. అది నీళ్లలో కరుగుతుంది. వానకు తడిస్తే నెలలో మీ శ్రమంతా కారిపోతుంది.

మూడోది, స్పర్శ. ఇక్కడ నేను ఏ మాత్రం తగ్గను. తినే, తాగే, వండే పాత్రలకు ఈ పద్ధతులు వద్దే వద్దు. రాగి కిలుము కడుపులోకి వెళ్తే వాంతులు, విరేచనాలు ఖాయం. మన ఇళ్లలో రాగి, ఇత్తడి గుండిగలకు లోపల కళాయి వేయించేది ఇందుకే. తీర్థం ఇచ్చే ఉద్ధరిణి, పంచపాత్ర కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అమ్మమ్మల నాటి బిందె, మరచెంబు లాంటివి ఉంటే వాటినీ వదిలేయండి. వాటికి కాలం ఇచ్చిన రంగు ఇప్పటికే ఉంది. ప్రయోగాలకు కొత్త రేకు ముక్క కొనుక్కోండి.

నాలుగోది, వెనక్కి తీసుకోగలమా లేదా. రాగి మీద వచ్చే పచ్చ, నలుపు నచ్చకపోతే చింతపండు, ఉప్పు పెట్టి తోమితే చాలావరకు దిగిపోతాయి. ఇనుము తుప్పు అలా కాదు. అది లోహాన్ని తినేస్తుంది, తోమినా గుంతలు మిగులుతాయి.

ఖర్చు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. రేకు ధర తప్ప మిగతావన్నీ ఇంట్లోనో, వీధి చివర కిరాణా కొట్లోనో దొరికేవే.

| పద్ధతి | దేనికి బాగుంటుంది | వచ్చే రంగు | పట్టే సమయం | నిలకడ | ఫ్లాట్‌లో చేయొచ్చా |
|---|---|---|---|---|---|
| ఉడికిన గుడ్డు | రాగి, వెండి | బంగారు గోధుమ నుంచి నలుపు | అరగంట నుంచి ఒక రాత్రి | బాగుంది | చేయొచ్చు, వాసన ఉంటుంది |
| వెనిగర్, ఉప్పు | రాగి | పచ్చ, నీలి పచ్చ | 1 నుంచి 4 రోజులు | పొడిగా రాలుతుంది, తడికి ఆగదు | చేయొచ్చు |
| అమోనియా ఆవిరి | రాగి రేకు మాత్రమే | ముదురు నీలం | ఒక రాత్రి నుంచి రెండు రోజులు | మధ్యస్థం | వద్దు |
| గ్యాస్ మంట | రాగి | నారింజ, ఊదా, నీలం | నిమిషాలు | పూత లేకుంటే మెల్లగా మసకబారుతుంది | చేయొచ్చు, జాగ్రత్తగా |
| పెరాక్సైడ్ తుప్పు | మామూలు ఇనుము | నారింజ, ఇటుక ఎరుపు | నిమిషాల నుంచి ఒక రోజు | చాలా బాగుంది | బాల్కనీలో |
| తుప్పు మీద కరక్కాయ | తుప్పు పట్టిన ఇనుము | నీలి నలుపు | ఒక రోజు | చాలా బాగుంది | చేయొచ్చు |

పట్టికలో ఇత్తడి ఎక్కడా లేదు. దాని కథ వేరు, కింద విడిగా చెబుతాను.

ఏ పద్ధతికైనా తొలి పని

ఎమరీ పేపర్‌తో, 220 నంబరు తర్వాత 400 నంబరు వాడి, రేకును ఒకే దిశలో రుద్దండి. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, నీళ్లు పోస్తే చుక్కలుగా విడిపోకుండా పలుచటి పొరలా పరుచుకుంటున్నాయేమో చూడండి. చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉందని అర్థం. ఆ తర్వాత అంచులే పట్టుకోండి. వేలిముద్ర పడిన చోట రంగు సరిగా పట్టదు. ఈ పది నిమిషాల పని వదిలేసినవాళ్లే తర్వాత మరకలు మరకలుగా వచ్చిందని బాధపడతారు.

ఉడికిన గుడ్డు: మొదటిసారి చేసేవాళ్లకు ఇదే

గుడ్డును ఎక్కువసేపు ఉడికిస్తే అందులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కొద్దికొద్దిగా వెలువడుతుంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వచ్చేదీ దానివల్లే. ఆ వాయువు రాగికి తగిలితే కాపర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది.

రెండు గుడ్లు ఇరవై నిమిషాలు ఉడికించి, వేడిగా ఉండగానే పెంకు తీసి చిదిమి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో ఒక పక్కన వేయండి. రాగి వస్తువు గుడ్డుకు తగలకుండా చిన్న ఎత్తు మీద పెట్టి మూత వేయండి. అరగంటకోసారి చూస్తూ ఉండండి. మొదట బంగారు రంగు, తర్వాత ఎర్రమట్టి రంగు, ఆపైన గోధుమ, చివరికి నలుపు. నచ్చిన చోట బయటికి తీసి కడిగి ఆరబెట్టేయడమే. రంగును మీకు కావలసిన మెట్టు దగ్గర ఆపగలగడం దీనిలో గొప్పతనం. ఇంత అదుపు మిగతా ఏ పద్ధతిలోనూ లేదు.

నకాషీ పని ఉన్న వస్తువుకైతే ఇది మరీ అందంగా ఉంటుంది. మొత్తం నల్లబడ్డాక పీతాంబరి పొడిని పొడిగుడ్డ మీద వేసుకుని పైపైన రుద్దితే ఎత్తుగా ఉన్న భాగాలు మెరుస్తాయి, గుంతల్లో నలుపు నిలుస్తుంది. వెండి పట్టీలకు, ఉంగరాలకు ‘ఆక్సిడైజ్డ్’ రూపం ఇంట్లో తెప్పించాలన్నా ఇదే దారి. వెండికి ఒక సౌకర్యం కూడా ఉంది. మనసు మారితే గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి, వెండి ఆ ఫాయిల్‌కు తగిలేలా ముంచండి. నలుపు దిగిపోతుంది.

లోటు ఒకటి ఉంది. గుడ్డు గడప దాటనివ్వని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి పెట్టి చూడమనేవాళ్లున్నారు కానీ ఆ మోతాదు గంధకంతో వచ్చేది చాలా పలుచని ఛాయ. గుడ్డు కుదరని ఇంట్లో ముదురు రంగు కావాలంటే గ్యాస్ మంట పద్ధతికే వెళ్లండి.

వెనిగర్, ఉప్పు: అందరూ కోరుకునే పచ్చ, అందరికీ సరిపడని పచ్చ

న్యూయార్క్‌లోని లిబర్టీ విగ్రహాన్ని 1886లో నిలబెట్టినప్పుడు అది రాగి రంగులోనే ఉండేది. ఇవాళ్టి పచ్చదనం రావడానికి దశాబ్దాలు పట్టింది. గాలిలోని గంధకం, తేమ కలిసి నెమ్మదిగా కట్టిన పొర అది, అందుకే అంత గట్టిది. మనం వెనిగర్‌తో నాలుగు రోజుల్లో తెప్పించేది చూపుకు దగ్గరగా ఉన్నా గుణంలో ఒకటి కాదు. ఈ తేడా తెలిసి చేస్తే నిరాశ ఉండదు.

మూత ఉన్న వెడల్పాటి టబ్బు అడుగున వేలు మందాన తెల్ల వెనిగర్ పోయండి. దాని మీద ప్లాస్టిక్ జాలీ పెట్టి, ఉప్పునీళ్లు చల్లిన రాగిని ఆ జాలీ మీద ఉంచి మూత వేయండి. ఒకటి రెండు రోజుల తర్వాత తీసి నీడలో ఆరనివ్వండి. టబ్బులో ఉండగా రంగు అంతగా కనబడదు, గాలికి ఆరుతున్నప్పుడే పచ్చగా విచ్చుకుంటుంది. సరిపోలేదనిపిస్తే మళ్లీ పెట్టండి.

మచ్చలు మచ్చలుగా, సహజంగా రావాలంటే ఆవిరి కన్నా పొట్టు పద్ధతి మేలు. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెచ్చి, ఉప్పు కలిపిన వెనిగర్‌తో తడిపి, గట్టిగా పిండేసి, రాగిని అందులో పూడ్చి కవరు కట్టేయండి. పొట్టు తగిలిన చోట ఒక రంగు, తగలని చోట మరో రంగు. వరి ఊక వాడితే మచ్చలు పెద్దవిగా పడతాయి. నాకైతే ఊక మచ్చలే ఇష్టం. వేప రెమ్మనో, చింతాకునో రేకు మీద పరిచి దాని పైన పొట్టు కప్పితే ఆకు ఆకారం లేతగా దిగుతుంది.

మన ఎండలు దీనికి శత్రువు. మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం స్ప్రే చేస్తే పచ్చ కట్టేలోపే ఆరిపోతుంది, తెల్లని ఉప్పు మిగులుతుంది. వేసవిలో చేయక తప్పకపోతే రాత్రిళ్లు, మూత వేసిన టబ్బులోనే చేయండి. జులై నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ మీ తరఫున పనిచేస్తుంది. కాకపోతే ఆరడం ఆలస్యం, ఓపిక పట్టాలి.

ఇక ఎవరికి వద్దంటే, నగలు చేసేవాళ్లకు. చెమటకు ఈ పొడి కరిగి చర్మాన్ని పచ్చ చేస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో చేతికందే ఎత్తులో పెట్టడమూ వద్దు. గోడ మీది పళ్లేలకు, అద్దం చట్రాలకు, ఫొటో ఫ్రేములకు మాత్రం ఇది నిజంగా బాగుంటుంది.

అమోనియా: నీలం బాగుంటుంది, అయినా నేను వద్దంటాను

ఉప్పు చల్లిన రాగిని అమోనియా ఆవిరిలో ఉంచితే వచ్చే నీలం వెనిగర్‌తో రాదు. అది ఒప్పుకోవాలి. కానీ మన దగ్గర కెమికల్ షాపుల్లో లూజుగా దొరికే అమోనియా ద్రావణం చాలా ఘాటైనది. మూత తీయగానే కళ్లు, గొంతు పట్టేస్తాయి. గాలి ఆడే డాబా, కళ్లజోడు, గ్లోవ్స్ ఉన్నవాళ్లు, అదీ రాగి రేకుకు మాత్రమే ఆలోచించండి. టాయిలెట్ కడిగే బ్లీచ్ దరిదాపుల్లో కూడా ఉండకూడదు. బ్లీచ్, అమోనియా కలిస్తే విషవాయువు పుడుతుంది. బ్లీచ్, వెనిగర్ కలిసినా అంతే, క్లోరిన్ వస్తుంది.

సాగగొట్టి చేసిన ఇత్తడి వస్తువుకు అమోనియా ఇంకో రకంగానూ ప్రమాదం. బ్రిటిష్ కాలంలో మన దేశంలోని సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపు శాలల్లో దాచేది. వానలు వెలిశాక చూస్తే ఇత్తడి తొడుగులు చీలిపోయి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, లోహాన్ని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు కలిసి ఆ పగుళ్లు తెచ్చాయని 1921లో తేల్చారు. మీ ఇత్తడి బిందె, చెంబు కూడా అలా రేకును సాగదీసి చేసినవే.

గ్యాస్ మంట: ఓపిక లేనివాళ్లకు కాదు, కన్ను చురుగ్గా ఉన్నవాళ్లకు

శుభ్రమైన రాగి రేకును పటకారుతో పట్టుకుని నీలిమంట మీద నెమ్మదిగా ఆడిస్తే నారింజ, ఎరుపు, ఊదా, నీలం, వెండి తెలుపు వరసగా వస్తాయి. వాన రోజున రోడ్డు మీద నీళ్లలో పెట్రోల్ చుక్క రంగులు తేలినట్టే ఇదీ. పలుచని ఆక్సైడ్ పొర మందం మారే కొద్దీ వెలుతురులో వేరే రంగు కనబడుతుంది. ఒక్క క్షణం ఎక్కువైతే నల్లని పొలుసు వస్తుంది, వెనక్కి రాదు, ఎమరీ పేపర్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. రంగు నచ్చగానే మంట నుంచి తీసేయండి. తీశాక కూడా లోహంలోని వేడికి రంగు మరో అడుగు ముందుకు వెళ్తుంది, కాబట్టి కావలసిన దానికన్నా కాస్త ముందే ఆపాలి.

సొంతానికి చేసుకునే చెవిపోగులకు, లాకెట్లకు, చిన్న ఆకులు, పువ్వుల ఆకారాలకు ఇది చక్కగా సరిపోతుంది. పెద్ద పళ్లేనికి ఇంటి పొయ్యి మంట సమంగా అందదు. లాకర్ పూత ఉన్నవి, టంకం పెట్టినవి మంట మీద పెట్టకండి. పొయ్యి దగ్గర కిటికీ తెరిచి, నైలాన్ బట్టలు లేకుండా చూసుకుని చేయండి.

ఇనుము: తుప్పు, ఆపైన కరక్కాయ నలుపు

విజయవాడవాళ్లకు ఆటోనగర్ ఉండగా ఇనుప రేకు ముక్కలకు కొదవ లేదు. తెనాలి శిల్పులు పాత ఇనుప సామానుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్న ప్రాంతం మనది. ఆరుబయట పెట్టే వస్తువుకు నేను ముందు చెప్పేది ఇనుమే. రాగి పచ్చ వానకు కారిపోతుంది, ఇనుము రంగు వానకు ఇంకా ముదురుతుంది.

కొత్త రేకు మీద నీలి బూడిద రంగు పొర ఉంటే ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, రుద్ది తీసేయండి. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలిపి 3 శాతం చేసుకోండి. 400 మి.లీ.కి 50 మి.లీ. వెనిగర్, చిన్న చెంచాడు ఉప్పు. స్ప్రే చేయగానే నురగ వచ్చి కళ్లముందే నారింజ రంగు తిరుగుతుంది. ఎండలో ఆరనిచ్చి నాలుగైదు సార్లు చేస్తే ఇటుక ఎరుపు కుదురుతుంది. ఇక్కడ మన ఎండ మిత్రుడే. మిగిలిన ద్రావణాన్ని మూత బిగించి దాచకండి. గ్యాస్ పుట్టి సీసా పగలొచ్చు. ఏ పూటకు కావలసింది ఆ పూటే కలుపుకోండి.

నలుపు కావాలంటే మన జిల్లాల పాత విద్యే ఉంది. మచిలీపట్నం, పెడన కలంకారీలో నల్లరంగు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో వస్తుంది. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద అది పడగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి చేసే పని అది. తుప్పు పట్టిన రేకు మీదా ఇదే జరుగుతుంది. నాలుగు కరక్కాయలు దంచి అరలీటరు నీళ్లలో సగం అయ్యేదాకా మరిగించి, వడకట్టి, వదులు తుప్పును బ్రష్‌తో దులిపేసిన ఇనుముకు బట్టతో పట్టించండి. గంటలో నీలి నలుపు తిరుగుతుంది. రెండు మూడు పూతలు చాలు. కరక్కాయ లేకపోతే బాగా చిక్కగా మరిగించిన పాలు లేని టీ, లేదా దానిమ్మ తొక్కలు. నా లెక్కలో ఇది ఈ జాబితాలోకల్లా మంచి పద్ధతి. విషం లేదు, వాసన లేదు, తుప్పును కూడా కొంత నెమ్మదింపజేస్తుంది.

ఇత్తడి ఉన్నవాళ్లు ఏం చేయాలి?

మన ఇళ్లలో రాగికన్నా ఇత్తడే ఎక్కువ, అడిగేదీ దాని గురించే. ఇత్తడిలో రాగితో పాటు జింక్ ఉంటుంది. వెనిగర్‌లో నానబెడితే జింక్ ముందు కరిగి, పైన గులాబీ రంగు రాగి తేలుతుంది. చాలామంది పాడైపోయిందని కంగారుపడేది దీనికే. గుడ్డు వాయువు ఇత్తడి మీద మెల్లగా, పలుచగా పనిచేస్తుంది.

కాబట్టి ఇత్తడికి పచ్చదనం ఆశించకండి. పాతబడిన గోధుమ రంగు చాలనుకుంటే, ఉప్పు కలిపిన వెనిగర్‌లో దూది తడిపి, గట్టిగా పిండేసి, పలుచగా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. రోజుకు రెండుసార్లు చొప్పున వారం చేస్తే గుంతల్లో మసక పచ్చ, పైన గోధుమ ఛాయ వస్తాయి. ఇంకా ముదురు కావాలంటే కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) కొద్దిగా ఆ ద్రావణంలో కలుపుతారు. ఇంట్లో పిల్లలుంటే అది వద్దు.

మీరు ఎలాంటివారైతే

పిల్లలతో సెలవుల్లో ఏదైనా చేద్దామనుకుంటే గుడ్డు లేదా కరక్కాయ. రెండింటిలోనూ రంగు మారడం కళ్లముందే కనబడుతుంది, పిల్లలకు కెమిస్ట్రీ పాఠం కూడా. నగలు చేసి అమ్మేవాళ్లు గుడ్డు నలుపు దగ్గరే ఆగండి. మంట రంగులు ఫొటోలో బాగుంటాయి కానీ చర్మానికి రాసుకుని మసకబారితే కస్టమర్ తిరిగి వస్తారు. అద్దె ఇంట్లో, చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు వెనిగర్ టబ్బు హాయి, మూల పెట్టి మర్చిపోవచ్చు. సొంత డాబా, మొక్కలు ఉన్నవాళ్లు ఇనుమే ఎంచుకోండి.

పూత దగ్గర చెడగొట్టుకోకండి

ఏ రంగైనా ముందు మంచినీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు ఆరాలి. ఉప్పు లోపల మిగిలితే పూత కింద కూడా కిలుము పెరుగుతూనే ఉంటుంది. వెనిగర్ పచ్చను మాత్రం ధారగా కడగకండి, నీళ్లు పలుచగా చల్లి ఆరనివ్వండి.

పెయింట్ షాపులో క్లియర్ లాకర్ స్ప్రే దొరుకుతుంది. మ్యాట్ రకం తీసుకుని, దూరం నుంచి మూడు నాలుగు పలుచని పొరలు కొట్టండి. వెనిగర్ పచ్చ లాకర్ తగలగానే ఒక ఛాయ ముదురుతుంది, కాబట్టి మీకు కావలసిన దానికన్నా లేతగా ఉన్నప్పుడే ఆపాలి. గుడ్డు నలుపుకు, ఇనుము నలుపుకు తేనెమైనం పలుచగా రాసి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు. రాగి, ఇత్తడికి కొబ్బరినూనె రాయకండి. నూనెలోని ఆమ్లాలు రాగితో కలిసి జిగురు పచ్చ చేస్తాయి. దీపపు కుందులు తోమేవాళ్లకు అది బాగా తెలుసు.

గోడకు తగిలించేటప్పుడు రేకు వెనుక నాలుగు మూలలా చిన్న రబ్బరు బుష్షులు అంటించండి. బాల్కనీలో ఇనుప కుండీ పెడితే కింద మట్టి పళ్లెం ఉంచండి. తొలి వానకు కారే తుప్పు నీళ్లు టైల్స్ మీద పడితే ఆ మరక తీయడం చాలా కష్టం.